నీచు

రాత్రి రెండూ పదికి ఫోను.
"ఉత్తరం గేటు దగ్గర మీ సరుకు కంపు. వచ్చి చూడు నూకా."
నూకరత్నం అనే పేరు గార్బట్ నోట్లో
ఇరవై ఏళ్ళుగా సగమే పలుకుతుంది.

బిల్లింగ్‌హామ్‌లో మే నెల రాత్రి,
టీస్ నది మీంచి చలి.
పొడుగు గ్లవుజులు, కళ్ళజోడు, ముఖానికి మాస్కు,
చేతిలో గాలిని కొలిచే మీటరు.
స్తంభం మీది గాలిసంచి ఎటు ఊగుతోందో చూసుకుని
గాలికి వీపు పెట్టి నడిచాను.

ట్రైమిథైలమైన్.
ఒక నత్రజని, దాని ఒంటిని పట్టుకు వేలాడే మూడు మిథైళ్ళు,
ఎవరూ అడగని ఒక జంట ఎలక్ట్రాన్లు,
ఎవరైనా ఓ ప్రోటాన్ వేస్తారేమోనని చాచిన దోసిలి.
మూడు డిగ్రీలకే మరుగుతుంది.
ఈ ఊళ్ళో జనవరి తెల్లవారుజామున నీళ్ళలా పడుకుని
కాస్త ఎండ తగలగానే లేచిపోయే రకం.
అందుకే ఉక్కు ట్యాంకులో, ఒత్తిడిలో, నిప్పుకి ఆమడ దూరంలో.
ఇత్తడి కుళాయి బిగించావా, కొరికి తినేస్తుంది.
గాలికి రెండింతల బరువు:
పైకి పోదు, కాలవల్లో, గుంటల్లో నక్కి
అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తుంది.

కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పే మొదటి మాట:
ముక్కుని నమ్మొద్దు.
రవ్వంతకే గగ్గోలు పెట్టే ముక్కు
కాసేపటికి అలవాటుపడి కునుకు తీస్తుంది,
గాలి బాగుపడిందనుకుంటారు.
కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధార కింద,
రెప్ప విప్పి, గడియారం చూస్తూ,
బూతులు తిట్టుకుంటూనైనా సరే.

ముక్కుల సంగతి నాకు ముందే తెలుసు.
ఉప్పాడ హైస్కూల్లో, ఏడో తరగతి,
నేను కూచున్న బెంచీ మీద ఎప్పుడూ జాగా మిగిలేది.
"నీచు" అనేవాళ్ళు, ముక్కు మూసుకుని.
నాకేమో ఏ వాసనా తెలిసేది కాదు.
సముద్రపు ఉప్పుని ఓర్చుకోడానికి
చేప తన కండలో దాచుకున్న మందే
చచ్చాక విరిగి ఇలా అవుతుందని,
దీనికి ఓ పేరుందని ఎవరూ చెప్పలేదు.
చెప్పుంటే ఆ ఖాళీ జాగాలో
బ్లేడుతో చెక్కేదాన్ని.

ఇప్పుడు టన్నుల లెక్కన చేస్తాను.
ఇక్కణ్ణించి వెళ్ళి కోలిన్ అవుతుంది,
కోళ్ళ దాణాలో కలుస్తుంది.
ఆ బెంచీవాళ్ళు ఆదివారం వండుకునే కోడిలో
నా నీచు ఉంటే ఉండొచ్చు.

గేటు దగ్గర మీటరు సున్నా.
కంచె వెంట పది అడుగులకోసారి: సున్నా, సున్నా.
డ్రెయిను మూత దగ్గర వంగి చూశాను: సున్నా.
గార్బట్ టార్చి పైకెత్తాడు.
కంచె నిండా హాథార్న్, ముళ్ళు కనపడకుండా
తెల్లగా విరగబూసి ఉంది.
మాస్కు తీశాను.
అదే. నా సరుకే. ఏ పైపూ లేకుండా,
ఈగల్ని పిలవడానికి ఓ చెట్టు చేసుకున్న చిటికెడు.

"పదకొండేళ్ళప్పుడు ఓ కొమ్మ ఇంట్లోకి తెచ్చాను,"
అన్నాడు, "మా అమ్మ చెంప పగలగొట్టింది.
చావు వాసనట. ఇంట్లోకి రాకూడదట."
మా అమ్మ చేపలమ్మి వచ్చి
చింతపండు పిప్పితో చేతులు రుద్దుకునేది, మోచేతుల దాకా.
పులుపు ఆ దోసిట్లో ప్రోటాన్ వేస్తే
ఆవిరి ఉప్పై కూచుంటుందని తెలియకుండానే.
ఎవరి చెంపా పగలగొట్టలేదు.
ఈ మాట గార్బట్‌కి చెబుదామనుకున్నాను,
చింతపండుకి ఇంగ్లీషు ముక్క గుర్తొచ్చేలోపు
అతను ఫ్లాస్కు మూత విప్పి టీ పోశాడు.

నాలుగింటికి లాగ్‌బుక్కు.
ఫిర్యాదు: వాసన. రీడింగు: సున్నా. కారణం: పువ్వు.
తీసుకున్న చర్య, అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది.
నిలబడి వాసన చూశాం,
అని రాసి సంతకం పెట్టాను,
పూర్తి పేరుతో.